బ్రిటన్‌లో పాత ఇల్లు, చలికాలం బిల్లు: డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

అక్టోబర్ ఆఖరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు ఒక గంట వెనక్కి తిరుగుతాయి. ఆ రోజు నుంచి ఇంటింటా ఒకటే గొడవ. హీటింగ్ ఎప్పుడు వేయాలి, ఎంతసేపు వేయాలి, బిల్లు ఎంత వస్తుంది? హైదరాబాద్, నిజామాబాద్, కర్నూలు, గుంటూరు వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో వెళ్లి అక్కడే స్థిరపడ్డ మన కుటుంబాలకు ఈ గొడవ మరీ కొత్త. లెస్టర్, బర్మింగ్‌హామ్, తూర్పు లండన్ లాంటి చోట్ల మసీదుకు, హలాల్ దుకాణానికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు వెతికితే, వందేళ్లు దాటిన ఇటుక ఇళ్ల వరుసలు చాలా కనిపిస్తాయి. చూడ్డానికి గట్టిగా ఉంటాయి. డిసెంబర్ వచ్చాక గానీ అసలు సంగతి తెలియదు. బాయిలర్ రోజంతా తిరుగుతూనే ఉంటుంది, కాళ్ల దగ్గర మాత్రం చల్లగాలి కొడుతూనే ఉంటుంది. వీడియో కాల్‌లో అమ్మీ అడుగుతుంది, ‘ఇంట్లో కూడా శాలువా ఏంటి బేటా?’ అని.

ఈ పరిస్థితిలో చాలామంది ముందు చేసే పని కొత్త బాయిలర్ పెట్టించడం, లేదా కిటికీలన్నీ మార్పించడం. రెండూ కళ్లకు కనిపించే పనులు. గడప దగ్గరకొచ్చే సేల్స్‌మ్యాన్ కూడా వాటి గురించే మాట్లాడతాడు. కానీ పాత ఇంటి విషయంలో ఏ పని చేయాలన్న దానికంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నదే పెద్ద ప్రశ్న. వరుస సరిగ్గా ఉంటే కొన్ని వందల పౌండ్లతోనే ఇల్లు మారిపోతుంది. వరుస తప్పితే వేల పౌండ్లు పోసినా చలి పోదు. పైగా గోడలకు బూజు పడుతుంది. వడ్డీ అప్పు వద్దనుకునే కుటుంబాలకైతే ఈ వరుస ఇంకా ముఖ్యం. చవక పని ముందు చేసి, దానివల్ల బిల్లులో మిగిలిన డబ్బు దాచి, తర్వాతి పనికి వాడుకోవచ్చు.

మన ఇల్లు వేరు, ఆ ఇల్లు వేరు

మన దగ్గర పాత ఇళ్లను వేడి బయటికి పోయేలా కట్టారు. ఎత్తైన కప్పు, గోడ పైన రోషన్‌దాన్, ఎదురెదురు తలుపులు, మధ్యలో వాకిలి. గాలి ఎంత ఆడితే అంత హాయి. బ్రిటన్ పాత ఇళ్లలో కూడా గాలి బాగానే ఆడుతుంది, కానీ కారణం వేరు. ఒకప్పుడు ప్రతి గదిలో బొగ్గు మంట ఉండేది. మంట మండాలంటే గాలి కావాలి. పొగగొట్టం గాలిని పైకి లాగేది, తలుపు సందుల నుంచి, నేల చెక్కల మధ్య నుంచి కొత్త గాలి వచ్చేది. ఇప్పుడు బొగ్గు మంట లేదు, గ్యాస్ బాయిలర్ వచ్చింది. పొగగొట్టం మాత్రం అలాగే నోరు తెరిచి ఉంది. డబ్బు పెట్టి వేడి చేసిన గాలిని అది రాత్రీ పగలూ ఆకాశంలోకి పంపుతూనే ఉంటుంది.

గోడల సంగతి కూడా తెలుసుకోవాలి. సుమారు 1920కి ముందు కట్టిన ఇళ్లలో గోడ చాలావరకు ఒకే ముద్ద. దాదాపు 9 అంగుళాల ఇటుక, మధ్యలో ఖాళీ ఉండదు. 1930ల తర్వాతి ఇళ్లలో ఎక్కువగా రెండు వరుసల ఇటుక, వాటి మధ్య ఖాళీ ఉంటాయి. ఏది ఏదో బయట నిలబడి చూస్తే తెలుస్తుంది. గోడ మీద అన్నీ పొడవు ఇటుకలే కనిపిస్తే మధ్యలో ఖాళీ ఉన్నట్టు. పొడవు ఇటుకల మధ్య పొట్టిగా ఇటుక చివరలు కూడా కనిపిస్తే అది ముద్ద గోడ. ఈ తేడా తెలియకుండా గోడల పని మొదలుపెట్టకూడదు.

ఒక లెక్క: వేడి ఎటు పోతోంది?

ఒక మామూలు వరుస ఇల్లు అనుకుందాం. రెండు పక్కలా పొరుగిళ్లు. కింద 40 చదరపు మీటర్లు, పైన 40. బయట 5 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు కావాలి. అటక మీద ఏమీ పరచలేదు. కిటికీలు పాతకాలపు డబుల్ గ్లేజింగ్. పొరుగిళ్లు కూడా వెచ్చగానే ఉంటాయి కాబట్టి పక్క గోడల నుంచి పెద్దగా వేడి పోదు. నిపుణులు వాడే మామూలు కొలతలతో లెక్కేస్తే వేడి ఇలా పోతుంది:

– కప్పు నుంచి: సుమారు 1,380 వాట్లు
– సందుల్లోంచి దూరే గాలి వల్ల, ఇంట్లో గాలంతా గంటకోసారి మారుతోందనుకుంటే: సుమారు 990 వాట్లు
– ముందు, వెనుక ముద్ద గోడల నుంచి: సుమారు 890 వాట్లు
– కిటికీల నుంచి: సుమారు 500 వాట్లు
– చెక్క నేల నుంచి: సుమారు 390 వాట్లు

మొత్తం దాదాపు 4,150 వాట్లు. అంటే రెండు పెద్ద గది హీటర్లు ఆపకుండా తిరిగితే వచ్చేంత వేడి. రోజంతా 20 డిగ్రీలు నిలబెట్టాలంటే ఒక్క రోజుకే సుమారు 100 యూనిట్ల వేడి కావాలి.

ఇప్పుడు ఒక్కో పని ఎంత మిగులుస్తుందో చూద్దాం. అటక మీద 270 మిల్లీమీటర్ల మందాన ఇన్సులేషన్ పరిస్తే కప్పు నుంచి పోయే 1,380 వాట్లు 100 వాట్ల లోపుకు పడిపోతాయి. గాలి సందులు మూసి గాలి మార్పును 40 శాతం తగ్గిస్తే 400 వాట్లు మిగులుతాయి. ఈ రెండు పనులతోనే ఇంటి నష్టం దాదాపు 40 శాతం తగ్గింది. అదే డబ్బుకు ఎన్నో రెట్లు పోసి పాత డబుల్ గ్లేజింగ్ తీసేసి కొత్తది పెట్టిస్తే మిగిలేది 250 వాట్లు మాత్రమే. అసలు ఒంటి అద్దం కిటికీలే ఉన్నా, వాటిని మారిస్తే మిగిలేది 600 వాట్ల చుట్టుపక్కలే. అటక పని ఇచ్చే లాభంలో అది సగం కూడా కాదు.

అయితే ప్రతి ఇంటికీ ఇదే లెక్క వర్తించదు. ఇప్పుడు చాలా ఇళ్లలో అటక మీద ఎంతో కొంత ఇన్సులేషన్ ఉంటుంది. ఇప్పటికే 100 మిల్లీమీటర్లు ఉంటే కప్పు నుంచి పోయేది 240 వాట్లే. దాన్ని 270కి పెంచితే మిగిలేది 150 వాట్ల లోపు. మొదటి పొరే ఎక్కువ పని చేస్తుంది, ఒక రజాయి మీద ఇంకో రజాయి వేసుకుంటే వేడి రెండింతలు అనిపించనట్టే. కాబట్టి ఏ పనికైనా ముందు ఒక స్కేలు, ఒక టార్చి తీసుకుని అటక ఎక్కి చూసుకోవాలి.

మొదటి పని: చెమ్మ

చలి గురించి మాట్లాడుతూ చెమ్మ దగ్గర మొదలుపెట్టడం వింతగా అనిపించవచ్చు. కానీ తడి గోడ పొడి గోడ కంటే వేడిని తొందరగా వదిలేస్తుంది, తడి స్వెట్టర్ వేసుకున్నట్టు. తడి గోడ మీద ఇన్సులేషన్ వేస్తే తడి లోపలే ఉండిపోయి చెక్క కుళ్లుతుంది, బూజు పెరుగుతుంది.

ముందు చూడాల్సినవి మామూలు విషయాలే. చూరు కింద వాననీటి గట్టర్లలో ఆకులు నిండాయా? గొట్టం పగిలి గోడ మీదికి నీళ్లు కారుతున్నాయా? కప్పు మీద పలక జారిందా? బయట నేల, తోట మట్టి, లేదా కొత్తగా వేసిన సిమెంటు గోడ అడుగున ఉండే చెమ్మ అడ్డుపొర కంటే ఎత్తుకు వచ్చాయా? పాత ఇటుకల మధ్య సున్నం ఉండాల్సిన చోట సిమెంటు పూశారా? సున్నం తడిని పీల్చి మళ్లీ వదిలేస్తుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. వీటిలో చాలావాటికి నిచ్చెన, ఒక పూట పని చాలు.

చెమ్మ లోపల నుంచి కూడా పుడుతుంది. నలుగురున్న కుటుంబం ఊపిరితో, వంటతో, స్నానాలతో రోజుకు దాదాపు 10 లీటర్ల నీటిని గాలిలోకి వదులుతుంది. మన వంటింట్లో అన్నం ఉడుకుతుంది, బిర్యానీ దమ్ మీద ఉంటుంది, షోర్బా గంటలకొద్దీ మరుగుతుంది. ఎండ లేని దేశంలో బట్టలు రేడియేటర్ మీదే ఆరతాయి. ఒక్క విడత బట్టల నుంచే రెండు లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి చల్లటి గోడ మూలకు వెళ్లి నీరవుతుంది, అక్కడే నల్లబూజు మొదలవుతుంది. వంటకు మూతలు వేయడం, వంటింటి, స్నానాలగది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆవిరి పోయేదాకా తిప్పడం, బట్టలు ఆరేసిన గది తలుపు మూసి ఆ గది కిటికీ కొంచెం తెరవడం, బీరువాను బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలడం. వీటికి ఖర్చు దాదాపు లేదు. పది పౌండ్లకు దొరికే తేమ కొలిచే చిన్న మీటర్ ఇంట్లో పెట్టుకుంటే మంచిది. అది 40 నుంచి 60 శాతం మధ్య చూపిస్తుంటే దిగులు లేదు.

ఇది బిల్లుకు మించిన విషయం. 2020 డిసెంబర్‌లో రోచ్‌డేల్‌లోని ఒక ఫ్లాట్‌లో నల్లబూజు వల్ల శ్వాస దెబ్బతిని రెండేళ్ల పసివాడు అవాబ్ చనిపోయాడు. బూజే ఆ మరణానికి కారణమని 2022 నవంబర్‌లో కరోనర్ తేల్చారు. ఆ బిడ్డ పేరు మీదే ‘అవాబ్ చట్టం’ వచ్చింది. ఇంట్లో పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు, మనవళ్లను చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు ఉంటే చెమ్మను మొదటి శత్రువుగా చూడాలి.

రెండో పని: చలిగాలి దారులు మూయడం

గాలి వీచే రోజు సాయంత్రం ఒక అగరుబత్తి వెలిగించి తలుపులు, కిటికీలు, నేల చెక్కల దగ్గర పట్టుకుంటే పొగ ఎటు వంగుతుందో చూసి సందులు కనిపెట్టవచ్చు. పరదాలకు దూరంగా పట్టుకోవాలి, అంతే.

వీధి తలుపుకు కింద బ్రష్, చుట్టూ రబ్బరు పట్టీ, ఉత్తరాలు వేసే కంతకు బ్రష్, తాళం కంతకు మూత పెట్టాలి. అటక ఎక్కే తలుపు చుట్టూ కూడా పట్టీ అంటించాలి. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి ఆ తలుపు సందు చిన్నదైనా నష్టం పెద్దది. నేల చెక్కల మధ్య సందులను, గోడకూ నేలకూ మధ్య ఖాళీని తగిన ఫిల్లర్‌తో మూయాలి. వాడని పొగగొట్టంలో ఊదే బెలూన్ లాంటి అడ్డు, లేదా ఉన్నితో చేసిన అడ్డు పెట్టవచ్చు. మళ్లీ మంట పెట్టే ముందు తీయాలి, మర్చిపోకుండా అక్కడ ఒక చీటీ కట్టాలి. రాత్రిపూట మందపాటి పరదాలు కిటికీలకు, వీధి తలుపుకు కూడా వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పరదా రేడియేటర్ మీద పడకూడదు, పడితే వేడంతా కిటికీకే పోతుంది.

మూయకూడని దారులు కూడా ఉన్నాయి. గోడ అడుగున కనిపించే చిల్లుల ఇటుకలు నేల చెక్కల కింద గాలి ఆడటానికి పెట్టినవి. అవి మూస్తే చెక్క దూలాలు కుళ్లుతాయి. గ్యాస్ మంట లేదా కట్టెల పొయ్యి ఉన్న గదిలో గాలి కంత మూస్తే ప్రాణానికే ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలాంటి మంట ఉన్న ఇంట్లో, గ్యాస్ బాయిలర్ ఉన్న ఇంట్లో కూడా ఆ అలారం తప్పకుండా ఉండాలి. వంటింటి, స్నానాలగది ఫ్యాన్లు, కిటికీ పైన ఉండే సన్నటి గాలి పట్టీలు కూడా అలాగే వదిలేయాలి. ఎక్కడపడితే అక్కడ దూరే గాలిని ఆపి, కావాల్సిన చోట నుంచి రానివ్వడమే ఇక్కడి లెక్క.

మూడో పని: అటక

అటకను అక్కడ లాఫ్ట్ అంటారు. లాభం పరంగా ఇదే ముందుండాలి. కానీ గాలి సందులు మూయకుండా, చెమ్మ సరిచేయకుండా అటక కప్పేస్తే ఇంట్లోని ఆవిరి చల్లబడ్డ అటకలోకి ఎక్కి దూలాల మీద నీరవుతుంది. అందుకే దీనిది మూడో స్థానం. మూడు పనులూ ఒకే నెలలో పూర్తి చేయవచ్చు.

గాజు నూలు లేదా రాతి నూలు చుట్టలు దుకాణాల్లో దొరుకుతాయి. మొదటి పొర దూలాల మధ్య, రెండో పొర వాటికి అడ్డంగా. కలిపి 270 మిల్లీమీటర్లు. మాస్క్, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చూరు అంచుల దాకా గట్టిగా కుక్కకూడదు, అక్కడి నుంచే అటకకు గాలి అందుతుంది. నీళ్ల ట్యాంకు ఉంటే దాని కింద పరచకుండా చుట్టూ, పైన కప్పాలి. అటకలో గొట్టాలుంటే వాటికీ తొడుగు వేయాలి, ఎందుకంటే ఇప్పుడు అటక ముందు కంటే చల్లగా ఉంటుంది, గొట్టం గడ్డకట్టవచ్చు. కింది గది బల్బులు వేడెక్కే రకమైతే వాటి పైన కప్పకూడదు. నూలు మీద పెట్టెలు పేర్చి నొక్కితే అది పని చేయదు. సామాను పెట్టాలంటే ముందు ఎత్తుగా చెక్కలు వేయాలి.

ఒక హెచ్చరిక. కప్పు లోపలి వైపు నురగ చిమ్మి గట్టిపరిచే స్ప్రే ఫోమ్‌ను తేలిగ్గా ఒప్పుకోకూడదు. కప్పు చెక్కలు కనిపించకుండా పోతాయి, తడి బంధించబడవచ్చు. అలాంటి ఇళ్ల మీద డబ్బు ఇవ్వడానికి చాలా సంస్థలు వెనకాడుతున్నాయి. రేపు ఇల్లు అమ్మాలంటే అదే అడ్డంకి అవుతుంది.

నాలుగో పని: ఉన్న బాయిలర్‌ను సరిగ్గా వాడటం

కొత్త బాయిలర్ కొనే ముందు పాతదాన్ని దారిలో పెట్టాలి. గది థర్మోస్టాట్‌ను 30కి తిప్పితే ఇల్లు తొందరగా వేడెక్కదు. అది ఎక్కడ ఆగాలో చెప్పే మీట మాత్రమే. 18 నుంచి 20 డిగ్రీలు చాలామందికి సరిపోతాయి. చలికాలంలో ఇంట్లో 18 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. పసిపిల్లలకు, పెద్దవాళ్లకు ఇంకాస్త ఎక్కువ కావాలి. బిల్లు భయంతో అబ్బా, అమ్మీల గదిలో హీటింగ్ కట్టేయడం పొదుపు అనిపించుకోదు.

ఒక్కో రేడియేటర్‌కు ఉండే థర్మోస్టాట్ వాల్వ్‌తో వాడని గదుల్లో వేడి తగ్గించవచ్చు. రేడియేటర్ పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు, చిన్న తాళంచెవితో ఆ గాలి తీసేయాలి. బాయిలర్ నుంచి రేడియేటర్లకు వెళ్లే నీటి వేడి చాలా ఇళ్లలో 75, 80 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేస్తారు. వేడినీళ్ల ట్యాంకు లేని కాంబీ బాయిలర్ అయితే దాన్ని 60కి తగ్గించవచ్చు. తిరిగి వచ్చే నీరు 55 డిగ్రీల లోపు ఉంటేనే ఇప్పటి బాయిలర్లు పొగలోని వేడిని కూడా పట్టుకుంటాయి. గది కాస్త నెమ్మదిగా వేడెక్కుతుంది, గ్యాస్ మాత్రం తగ్గుతుంది. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇంట్లో ఈ మార్పు మెకానిక్‌ను అడిగే చేయాలి. ట్యాంకులో నీరు 60 డిగ్రీల కంటే తగ్గితే హానికర బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

మన ఇళ్లలో టైమర్ పెట్టడానికి ఇంకో లెక్క కూడా ఉంటుంది. లండన్‌లో డిసెంబర్ నెలలో ఫజర్ వేళ సుమారు 6 గంటలకు మొదలవుతుంది, సూర్యోదయం 8కి. మగ్రిబ్ సాయంత్రం 4 గంటల లోపే. ఫజర్‌కు అరగంట ముందు స్నానాలగది, నమాజ్ చేసే గది మాత్రమే వేడెక్కేలా పెడితే ఇల్లంతా వేడి చేయక్కర్లేదు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు చలికాలంలోకి వచ్చేసింది. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి, రెండు రంజాన్‌లు మొదలవుతాయి. రాబోయే ఏళ్లన్నీ సహరీ చలిలోనే. తహజ్జుద్‌కు, సహరీకి లేచే నెలలో టైమర్‌ను విడిగా సెట్ చేసుకోవాలి. వుజూ నీళ్ల దగ్గర కూడా ఇస్రాఫ్ వద్దని పిల్లలకు నేర్పే ఇళ్లలో, ఖాళీ గదులను వేడి చేయడం గురించి కూడా అదే మాట చెప్పుకోవచ్చు.

కరెంటు హీటర్ చవక అన్న మాట చాలామంది నమ్ముతారు. బ్రిటన్‌లో కొన్నేళ్లుగా ఒక యూనిట్ కరెంటు ధర ఒక యూనిట్ గ్యాస్‌కు సుమారు నాలుగు రెట్లు ఉంటోంది. ఒక్క మనిషి, ఒక్క గది, ఒక్క గంట అయితే ఫర్వాలేదు. రోజంతా వాడితే బిల్లు గ్యాస్‌ను మించిపోతుంది.

ఆ తర్వాత: నేల, గోడలు

చెక్క నేల కింద ఖాళీ ఉన్న ఇళ్లలో చెక్కలు లేపి మధ్యలో ఇన్సులేషన్ పెట్టవచ్చు. లాభం మధ్యస్థం, ఇబ్బంది ఎక్కువ. ఎలాగూ నేల మారుస్తున్నప్పుడు చేయించుకోవడం తెలివైన పని. అప్పటిదాకా మందపాటి తివాచీ, దాని కింద మెత్తటి పొర వేసుకుంటే కాళ్లకు హాయి.

గోడల మధ్య ఖాళీ ఉన్న ఇల్లయితే ఆ ఖాళీ నింపించడం అంత ఖరీదు కాదు. కానీ వాన గాలితో కలిసి గోడను కొట్టే ప్రాంతమైనా, ఇటుక పగుళ్లున్నా ముందు పరీక్ష చేయించాలి. ముద్ద గోడ అయితే లోపల గానీ బయట గానీ పొర వేయాలి. పైన చెప్పిన ఇంట్లో అది సుమారు 700 వాట్లు మిగులుస్తుంది. లాభం పెద్దదే, కానీ ఖర్చు వేల పౌండ్లలో ఉంటుంది. పని తప్పితే నష్టం ఇంకా పెద్దది. 2025 అక్టోబర్‌లో బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ ఇచ్చిన నివేదిక ఈ విషయంలో కళ్లు తెరిపించింది. రెండు ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం ఇళ్లకు సరిచేయాల్సిన లోపాలున్నాయని, లోపలి గోడల పనిలో ఆ లెక్క 29 శాతమని అంచనా వేసింది. ఉచితంగా వస్తోందని సంతకం పెట్టిన ఎన్నో కుటుంబాలు బూజు, చెమ్మతో మిగిలాయి.

కాబట్టి గోడల పనికి తొందర వద్దు. తలుపు తట్టి ‘ఈ రోజే సంతకం పెడితే ఫ్రీ’ అన్నవాళ్లను పంపించేయాలి. ట్రస్ట్‌మార్క్ నమోదు ఉందో లేదో సొంతంగా వెతికి చూసుకోవాలి. మొత్తం ఇంటిని చూసి, గాలి ఎలా ఆడుతుందో కూడా రాసిచ్చే సర్వే లేకుండా పని మొదలుపెట్టనివ్వకూడదు. గ్యారంటీ కాగితం, పని ఫోటోలు దాచుకోవాలి. ఇల్లు సంరక్షిత ప్రాంతంలో ఉంటే కౌన్సిల్ అనుమతి, లీజు ఫ్లాట్ అయితే భవన యజమాని అనుమతి కావాలి.

చివరికి: కొత్త యంత్రం, కొత్త కిటికీలు

బాయిలర్ పాతబడి ఇక మార్చాల్సిందే అన్నప్పుడు ముందు చేసిన పనులన్నీ అక్కరకొస్తాయి. 4,150 వాట్లు కావాల్సిన ఇంటికి ఇప్పుడు 2,500 చాలు. కాబట్టి చిన్న యంత్రం సరిపోతుంది. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, కానీ గోరువెచ్చటి నీటితో నెమ్మదిగా పని చేస్తుంది. గాలి దూరే ఇంట్లో దానితో సుఖం లేదు. కరెంటు నాలుగు రెట్లు ఖరీదు కాబట్టి, దానికి తగిన కరెంటు టారిఫ్ తీసుకోకపోతే బిల్లు తగ్గకపోవచ్చు కూడా. ఇంగ్లండ్, వేల్స్‌లో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద హీట్ పంప్‌కు 7,500 పౌండ్ల సాయం ఉంది. పని చేసే కంపెనీయే దరఖాస్తు పెట్టి ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తుంది. అది అప్పు కాదు, వడ్డీ ప్రసక్తి లేదు.

కిటికీలు పాడైపోతే మార్చుకోవాల్సిందే. బాగానే ఉంటే రబ్బరు పట్టీలు, మందపాటి పరదాలతో నడిపించవచ్చు. కాంట్రాక్టర్‌తో చేయించే ఇన్సులేషన్, గాలి సందుల పట్టీలు, హీట్ పంప్ పనుల మీద 2027 మార్చి 31 వరకు వ్యాట్ సున్నా. కిటికీలకు, గ్యాస్ బాయిలర్‌కు ఆ మినహాయింపు లేదు.

తక్కువ ఆదాయం ఉండి బెనిఫిట్స్ పొందుతున్న కుటుంబాలకు చలికాలంలో వార్మ్ హోమ్ డిస్కౌంట్ కింద 150 పౌండ్లు కరెంటు బిల్లులో తగ్గుతాయి. వీసా మీద ఉన్నవాళ్లు బెనిఫిట్స్‌తో ముడిపడిన సాయం అడిగే ముందు తమ వీసా షరతులు చూసుకోవాలి, అనుమానం ఉంటే సలహా తీసుకోవాలి.

అద్దె ఇంట్లో ఉంటే?

కొత్తగా వెళ్లిన కుటుంబాల్లో చాలామంది అద్దె ఇళ్లలోనే ఉంటారు. గోడ, అటక వాళ్ల చేతిలో ఉండవు. అయినా ఊడదీయగలిగే పట్టీలు, తలుపు కింద అడ్డు, పరదాలు, టైమర్ సర్దుబాటు చేసుకోవచ్చు. ఇల్లు మారేటప్పుడు పరదాలను వెంట తీసుకెళ్లవచ్చు.

చట్టం ఏం చెబుతోందో తెలుసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రైవేటు అద్దె ఇంటికి ఎనర్జీ సర్టిఫికెట్‌లో కనీసం ‘ఇ’ గ్రేడ్ ఉండాలి, నమోదైన మినహాయింపు ఉంటే తప్ప. ఇల్లు చూసేటప్పుడే ఆ కాగితం అడగాలి. చెమ్మ, బూజు కనిపిస్తే ఇంటి ఓనర్‌కు ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఫోటోలు, తేదీతో ఈమెయిల్ పంపాలి. జవాబు రాకపోతే కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి రాయాలి. కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో అవాబ్ చట్టం మొదటి దశ 2025 అక్టోబర్ 27 నుంచి అమల్లో ఉంది. అత్యవసర ప్రమాదం అయితే 24 గంటల్లో, తీవ్రమైన చెమ్మ, బూజు అయితే పది పనిదినాల్లో విచారణ, ఆ తర్వాత అయిదు పనిదినాల్లో ఇంటిని ప్రమాదం లేకుండా చేయాలి. ఈ రక్షణను ప్రైవేటు అద్దె ఇళ్లకు కూడా తెచ్చేందుకు 2025 రెంటర్స్ రైట్స్ చట్టం వీలు కల్పించింది. ‘మీరు వంట ఎక్కువ చేస్తారు, అందుకే బూజు’ అని ఓనర్ అంటే అక్కడితో ఆగిపోనక్కర్లేదు. ఇంట్లో వండుకోవడం తప్పు కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పని చేస్తోందా లేదా అని చూడాల్సింది ఓనరే.

ఈ చలికాలానికి ఒక ప్రణాళిక

మొదటి నెల: గట్టర్లు, కారుతున్న చోట్లు, ఫ్యాన్లు, అలారం. అదే నెలలో అగరుబత్తితో సందులు వెతికి పట్టీలు, బ్రష్‌లు, పరదాలు. తర్వాత అటక కొలిచి, తక్కువుంటే 270 మిల్లీమీటర్లకు పెంచడం. బాయిలర్ సర్వీసింగ్ రోజునే మెకానిక్‌తో నీటి వేడి, రేడియేటర్లు, టైమర్ సరిచేయించుకోవడం. ఈ నాలుగు పనులతో ఒక చలికాలం గడపాలి.

ప్రతి జుమా రోజు మీటర్ రీడింగ్‌ను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే ఎంత తగ్గిందో మార్చికల్లా తెలిసిపోతుంది. ఆ వేసవిలో, మిగిలిన డబ్బు చేతిలో పెట్టుకుని, నేల సంగతి, గోడల సర్వే గురించి ఆలోచించవచ్చు. కిటికీల సేల్స్‌మ్యాన్ అప్పుడు మళ్లీ వచ్చినా, ఆ నోట్‌బుక్ చూసి జవాబు చెప్పవచ్చు.